ఏడిళ్ల ఈత సంఘం

ఆ ఆదివారం మా ఇంట్లో ఉన్నది అవ్వ, అమ్మ, నేను, ప్రొద్దుటూరు నుంచి పొద్దున బస్సుకు వచ్చిన హేమలతత్త, చేతికి పిండికట్టు వేయించుకున్న ఖాతూన్‌బీ, వరమ్మ, వరమ్మ కూతురు శిరీష. నాయన దొడ్లో ఎనుములకు నీళ్లు పెడుతూ వింటున్నాడు.

డైరీలో ఈ పేర్లన్నీ వరసగా రాసి, తర్వాత ఒకటి సరిచేశాను. వరమ్మ, శిరీష ఇంట్లో లేరు. వసారా మెట్టు మీద ఉన్నారు. అమ్మ వాళ్లకు కూడా మజ్జిగ ఇచ్చింది. మాకు స్టీలు గ్లాసుల్లో, వాళ్లకు తాగి పారేసే గ్లాసుల్లో.

ఆ రోజు తేల్చుకోవాల్సింది ఒకటే. మా ఈత గుంపును ప్రొద్దుటూరులో సొసైటీగా రిజిస్టరు చేయించాలా, వద్దా.

మా ఊరు జమ్మలమడుగుకు, ముద్దనూరుకు మధ్యలో ఉంది. ఊరికి పడమర మా చేను, చేనులో రాతికట్టు దిగుడుబావి. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి అందులో నీళ్లు లేవు. కంపచెట్లు, పావురాలు ఉండేవి. గండికోట జలాశయం నిండాక చుట్టుపక్కల బావుల్లో ఊట పెరిగింది. మా బావిలో ముందు మోకాలి లోతు, తర్వాత నిలువెత్తు, ఒక వానాకాలం గడిచేసరికి సగం మెట్ల దాకా నీళ్లొచ్చాయి.

మా అవ్వ గురమ్మ పుట్టింది చెన్నూరులో, పెన్న ఒడ్డున. ఒకరోజు ఆమె చీర కొంగు నడుముకు చుట్టుకొని బావిలోకి దిగింది. పెళ్లయ్యాక ఈత కొట్టడం అదే మొదటిసారట. ఒక చుట్టు కొట్టి వచ్చి మెట్ల మీద కూర్చొని ఒక్కతే నవ్వుకుంటూ ఉంటే, గట్టు మీద గడ్డి కోస్తున్న వరమ్మ చూసింది. “నీళ్లు ఎట్లుండాయమ్మా?” అని అడిగింది. “దిగి చూడు” అంది అవ్వ. వరమ్మ కొడవలి పక్కన పెట్టి పైనుంచే దూకింది.

మా గుంపు అట్లా మొదలైంది. తర్వాత ఖాతూన్‌బీ వచ్చింది, బడిలో వంట చేసే ఇద్దరు వచ్చారు, అంగన్‌వాడీ టీచరు వచ్చింది, మగ్గాల వీధి కోడలొకామె వచ్చింది. వాళ్ల వెనక వాళ్ల ఆడపిల్లలు. పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా ఆడవాళ్ల వంతు. ఎవరూ చాటింపు వేయలేదు గానీ ఆ వేళకు మగవాళ్లు ఆ దోవన వచ్చేవాళ్లు కాదు. నైటీల మీద చున్నీలు కట్టుకొని దిగేవాళ్లు. కొత్తగా నేర్చుకునేవాళ్ల వీపుకు వరమ్మ నీళ్లలో తేలే ఎండిన కిత్తనార బెండు కట్టి, నడుము కింద చెయ్యి పెట్టి పట్టుకునేది. ఎప్పుడు చెయ్యి తీసేసేదో తెలిసేది కాదు. నాకు అట్లాగే వచ్చింది ఈత.

ఊర్లో ఆమెను నేను వరమ్మా అనే పిలవాలి. నీళ్లలో వరమ్మత్తా అనేదాన్ని. ఆమె మా అవ్వను ఇంటి దగ్గర అమ్మా అనేది, బావిలో గురమ్మక్కా అనేది. మెట్లెక్కి తల తుడుచుకునేసరికి ఎవరి పిలుపు వాళ్లకు తిరిగి వచ్చేది. అది తప్పని గానీ ఒప్పని గానీ ఎవరూ అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

నేను ఎక్కువ మాట్లాడను. బడిలో పదేళ్లు నేను మాట్లాడింది శిరీషతోనే. ఆ ఎండాకాలం మా పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. ఇంటర్‌లో ఎవరు ఏ కాలేజీలో చేరతామో తెలియదు. అందుకే ఆ రెండు నెలలూ రోజూ బావిలో కలవాలని, ఇద్దరం కలిసి అడుగు ముట్టి రావాలని అనుకున్నాం. నాకు కావలసింది అంతే.

మార్చిలో ఖాతూన్‌బీ విరిగిన మెట్టు మీద జారి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఆ మాట విని మా అత్త హేమలత పట్టుదలకు పోయింది. అత్త అవ్వ కూతురు, ప్రొద్దుటూరులో టీచరు. సోలారు కరెంటు కంపెనీ ఒకటి ఊర్లలో మంచి పనులకు సాయం చేస్తుందని, మెట్లు కట్టిస్తుందని, పట్టుకోవడానికి ఇనుప గొట్టాలు, నీళ్లలో తేల్చే జాకెట్లు ఇస్తుందని కనుక్కొని వచ్చింది. అయితే ఊరికే ఈత కొట్టే ఆడవాళ్లకు ఇవ్వరు. రిజిస్టరైన సంఘానికే ఇస్తారు.

“నీళ్లలో దిగేదానికి కూడా రిజిస్ట్రేషనా?” అంది అవ్వ. “ఈ ఇల్లు నా పేరుకు చేయించేదానికి మీ నాయన ఎన్నిసార్లు తిరిగినాడో నీకు తెల్దు.”

“ఇది ఆస్తి కాదుమా. సంఘం. ఏడుగురు ఉంటే చాలు. నువ్వే అధ్యక్షురాలివి.”

“నా చేతికి ఏ పదవి ఇస్తారు?” అంది ఖాతూన్‌బీ, కట్టు పైకెత్తి చూపించి.

అత్త ఉపాధ్యక్షురాలు అంది. కట్టు విప్పినాక తీసేయకూడదు, అది కూడా రాసుకో పాపా అని ఖాతూన్‌బీ నాతో అంది. అందరం నవ్వాం. అమ్మకు ఈత రాదు, గట్టు మీద కూర్చొని బట్టలకు కాపలా ఉంటుంది. సంఘమయితే మగవాళ్లు వచ్చి పెత్తనం చేయరు కదా అని అడిగింది. నిబంధనల్లో ఆడవాళ్లు మాత్రమే అని రాస్తామంది అత్త.

ఒక ఇంటి నుంచి ఒక్కరే ఉంటే మేలని, అంతా చుట్టాలే అయితే ఆఫీసులో ప్రశ్నలు వేస్తారని చెప్పింది. అవ్వకు ఆ మాట బాగా నచ్చింది. ఏడిళ్ల నుంచి ఏడుగురు, మన ఊర్లో ఇట్లాంటిది ఎప్పుడన్నా జరిగిందా అని వేళ్లు మడిచి లెక్కబెట్టింది. తను, ఖాతూన్‌బీ, వంట చేసే ఇద్దరు, అంగన్‌వాడీ టీచరు, మగ్గాల వీధి కోడలు. ఆరు. ఏడో వేలు దగ్గర వసారా వైపు చూసింది.

“నా పేరు వద్దులేమ్మా,” అంది వరమ్మ. “నేను ఎట్లాగూ వస్తానే ఉంటా. పేరు దేనికి?”

అప్పు కాగితమేమోనని భయపడుతోంది అనుకుంది అత్త. ఇది లోను కాదని, ఎవరూ వచ్చి అడగరని చాలాసేపు చెప్పింది. వరమ్మ అన్నిటికీ తల ఊపి, చివరికి మళ్లీ అదే మాట అంది. వద్దులేమ్మా.

ఆమె లేకుంటే ఆరుగురే. ఆరుగురితో సంఘం కాదు. అక్కడితో ఆగిపోయి ఉండేది.

నేను లేచి నిలబడ్డాను. అంతమందిలో నేను మాట్లాడటం అదే మొదలు. “వరమ్మత్త పేరు లేకుండా ఎట్లా? మాకందరికీ ఈత నేర్పింది ఆమె కదా,” అన్నాను.

అత్త అనే మాట ఇంటి దగ్గర నోరుజారింది. అమ్మ నన్ను చూసింది. దొడ్లో బకెట్టు చప్పుడు ఆగింది. హేమలతత్త మాత్రం చప్పట్లు కొట్టి, చూడండి మా వర్షిత ఎంత బాగా చెప్పిందో అంది. శిరీష మెట్టు మీద నుంచి నన్ను చూసి నవ్వింది. వరమ్మ ఖాళీ గ్లాసును మెట్టు పక్కన పెట్టింది.

“సరే పాపా. నువ్వు చెప్పినాక ఇంకేముంది,” అంది.

రాత్రి డైరీలో ఆ రోజును రెండు పేజీలు రాశాను. గర్వంగానే రాశాను.

*

ఏడుగురి ఫోటోల కోసం ఆటో మాట్లాడుకొని జమ్మలమడుగు పోయారు. ఫారాలు నింపేది నేను కాబట్టి నన్ను, నాకు తోడుగా శిరీషను తీసుకుపోయారు. స్టూడియో అతను, డ్వాక్రా లోనుకా అని అడిగాడు. కాదు, ఈతకు అంది ఖాతూన్‌బీ.

“నీళ్లలో ఈతనా?”

“నేల మీద కొట్టే ఈత యాడన్నా చూసినావా అప్పా?”

ఫోటోలో నవ్వకూడదని అతను చెప్పాడు. ఆ మాట విన్నాక ఖాతూన్‌బీకి నవ్వు ఆగలేదు. ఆమెకు నాలుగుసార్లు తీయాల్సి వచ్చింది. వరమ్మకు ఒక్కసారికే సరిపోయింది. పని అయ్యాక బస్టాండు దగ్గర హోటల్లో ఉగ్గాని, బజ్జీలు తిన్నాం. ఒకే బల్ల, ఒకే రకం గ్లాసులు. ఆటోలో వచ్చేటప్పుడు వంట చేసే అక్కలిద్దరూ మనకు బోర్డు కూడా ఉండాలని, దాని మీద ఏ బొమ్మ వేయించాలని వాదించుకున్నారు. ఒకామె తాబేలు అంది, ఒకామె చేప అంది. వరమ్మ కప్ప చాలు మన మొహాలకు అంది. ఆ ఎండాకాలంలో నాకు బాగా గుర్తున్నది ఆ ఆటో.

సభ్యుల జాబితా నేను మూడుసార్లు రాశాను. రెండుసార్లు కొట్టివేతలు పడ్డాయి. మూడోసారి తెల్ల కాగితం కింద గీతల కాగితం పెట్టుకొని రాశాను. పేరు, భర్త పేరు, వయసు, వృత్తి, చిరునామా. చిరునామా గడిలో ఊరి పేరు రాస్తే చాలని అత్త చెప్పింది. కానీ గడి పెద్దదిగా ఉంది. పరీక్షల్లో ఖాళీ వదలకూడదని మా సారు చెప్పేవాడు. అందుకని వీధులు కూడా రాశాను. రెడ్ల వీధి, మసీదు వీధి, మగ్గాల వీధి, చర్చి కాలనీ. నాకు, శిరీషకు పద్దెనిమిది నిండలేదు కాబట్టి మా పేర్లు అందులో లేవు. శిరీష పక్కన కూర్చొని వాళ్లమ్మ పేరు నేను రాస్తుంటే చూసింది. “మా అమ్మ పేరు ఇంత బాగా ఎవరూ రాయలేదు,” అంది.

ప్రొద్దుటూరులో రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా కాగితాలు రాసే ఒక పెద్దాయన ఉన్నాడు. జాబితా చూసి బాగుందన్నాడు. నిబంధనలు ఆయనే టైపు చేయించాడు. సంఘం నడిచే చోటు ఎవరిదని అడిగాడు. బావి మాది అంది అత్త. మొత్తమా అన్నాడు. సగం మాది, సగం మా చిన్నాన్న కొడుకుది అని అత్త ఉన్నదున్నట్టు చెప్పింది. అయితే ఆయన దగ్గర కూడా అభ్యంతరం లేదని ఒక సంతకం తెచ్చుకోండి, ఇక్కడ అడిగినా అడక్కపోయినా కంపెనీవాళ్లు తప్పకుండా అడుగుతారు అన్నాడు.

ఆ చిన్నాన్న కొడుకు ప్రవీణ్. నాకు చిన్నాయన అవుతాడు. పులివెందులలో డ్రిప్పు పైపుల అంగడి ఉంది. వాళ్ల నాయన చనిపోయాక ఊరికి రాలేదు. వాళ్ల చేను కౌలుకు ఇచ్చాడు. ఎండిన బావిలో సగం వాటా ఉందన్న సంగతి ఆయన మరిచిపోయి ఉంటాడు.

“మర్చిపోయినోన్ని మర్చిపోనీలే,” అంది అవ్వ.

అత్త వినలేదు. మన ప్రవీణే కదా, అక్కా అని ఫోను చేస్తుంటాడు, సంతకానికి ఏముంది అంది. ఏదయినా కాగితం మీద సక్రమంగా ఉండాలనేది ఆమె నమ్మకం. నాకూ ఆ నమ్మకమే ఉండింది.

*

పులివెందులకు అవ్వ, అత్త, నేను పోయాం. చిన్నాయన ఇల్లు అంగడి పైన. పిన్నమ్మ అరటిపండ్లు తెచ్చి పెట్టింది, అన్నం తిని పోవాల్సిందేనని పట్టుబట్టింది. చిన్నాయన మంచివాడు. అవ్వ కాళ్లకు దండం పెట్టాడు, ఫ్యాను ఆమె వైపు తిప్పాడు. అత్త వచ్చిన పని చెప్పింది.

“బావిలో నీళ్లుండాయా?” అన్నాడు.

“ఉండాయి రా. మూడేళ్లయింది,” అంది అవ్వ.

“నాతో ఎవరూ అన్ల్యా.”

అత్త కాగితాలు ఆయన చేతిలో పెట్టింది. ఆయన నిబంధనలు చదవలేదు. జాబితా తీసి చూశాడు. “రాత శానా బాగుండాది. ఎవురిది?” అన్నాడు. మన వర్షితది అని అత్త చెప్పింది. నేను నేల వైపు చూస్తూ సంతోషపడ్డాను.

ఆయన వేలు ఒక్కో పేరు మీద కిందికి దిగింది. చివరి పేరు దగ్గర ఆగింది. “వరమ్మ, భర్త సాలోమోను, చర్చి కాలనీ,” అని చదివాడు. గొంతులో ఏ తేడా లేదు. బస్సు బోర్డు చదివినట్టు చదివాడు.

“ఈమె కూడా దిగుతాదా?”

“పిల్లోళ్లకు నేర్పేది ఆమెనే,” అంది అవ్వ.

“రోజూనా?”

“రోజూ.”

ఆయన కాగితం మడిచాడు. అవ్వ ఆ మడత వైపు చూసి, “ఆ బావికి పూడిక తీసింది వాళ్ల నాయనే రా. నువ్వు చిన్నోడివి, నీకు గుర్తుండదు,” అంది.

“పూడిక వేరు కదా పెద్దమ్మా,” అన్నాడు చిన్నాయన, మెల్లగా.

తర్వాత నా పరీక్షలు ఎట్లా రాశానని అడిగాడు. అన్నం పెట్టారు. కాగితాలు ఈడ పెట్టిపోండి, నేనే ఒకసారి ఊరికి వస్తానన్నాడు. బస్సు ఎక్కించడానికి తనే వచ్చాడు, సీట్లు దొరికేదాకా కింద నిలబడ్డాడు.

బస్సులో అత్త ఉత్సాహంగా ఉంది. వస్తానన్నాడు కదా, వచ్చి చూస్తే వాడికే నచ్చుతుంది అంది. అవ్వ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ముద్దనూరు దగ్గర కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపించాక నోరు తెరిచింది.

“అడగకుండా ఉండింటే బాగుండేది హేమా.”

“అడగకుండా సంతకం ఎట్లా వస్తాదిమా?”

“సంతకం లేకుండానే కదా మూడేళ్లు కొట్టినాం.”

నేను ఆ జాబితా గురించి ఆలోచిస్తున్నాను. వీధులు రాయకుండా ఉంటే సరిపోయేదా అని. భర్త పేరు గడిలో సాలోమోను అని ఉన్నప్పుడు వీధి రాస్తే ఏమి, రాయకపోతే ఏమి అని కూడా అనిపించింది. రెండిట్లో ఏది నిజమో ఇప్పటికీ నాకు తెలియదు.

ఊరికి వచ్చాక శిరీష, చిన్నాయన సంతకం పెట్టినాడా అని అడిగింది. పెడతాడంట అని చెప్పాను. అప్పటికే అది అబద్ధం అని నాకు తెలుసు.

*

పదిహేను రోజులు ఏమీ జరగలేదు. మేము రోజూ ఈతకు పోతూనే ఉన్నాం. శిరీష ఒకసారి అడుగు దాకా పోయి గుప్పెడు బురద తెచ్చి చూపించింది. నాకు చెవులు నొప్పి పుట్టి సగం నుంచి తిరిగి వచ్చాను. రేపు నువ్వూ ముడతావు, ఊపిరి మెల్లగా వదలాలంతే అంది.

మే రెండో వారంలో ఒకరోజు ఎనిమిదికి పోయేసరికి బావి దగ్గర ట్రాక్టరు ఉంది. మెట్ల దోవకు రెండువైపులా కొత్త స్తంభాలు నిలబెట్టి, ఇద్దరు మనుషులు ఇనుప గేటు బిగిస్తున్నారు. చిన్నాయన వేపచెట్టు నీడలో నిలబడి ఉన్నాడు. పక్కన మా నాయన, చేతులు కట్టుకొని.

అవ్వ ఆయన దగ్గరికి పోయింది. మేము గట్టు మీద ఆగిపోయాం. చిన్నాయన ఆమెకు ఎంతో మర్యాదగా చెప్పాడు. చెయ్యి విరిగిన సంగతి కౌలుదారు చెప్పాడట. రేపు ఎవరన్నా పడి చస్తే కేసు వాటాదార్ల మీదికే వస్తుందట. తను పులివెందులలో ఉంటాడు, అన్న ఇక్కడ ఉంటాడు, ఎవరు కాపలా కాస్తారని అడిగాడు.

“నేను ఎవర్నీ ఏమీ అన్ల్యా పెద్దమ్మా. గేటు బీగానికి చెవులు రెండు చేయించినా. అన్నకొకటి, నాకొకటి. మన ఇంటోళ్లు ఎప్పుడన్నా దిగండి. మనది కదా.”

“మిగతావాళ్లు?” అంది అవ్వ.

ఆయన గట్టు వైపు చూశాడు. మేమందరం మార్చుకునే గుడ్డలు, సబ్బు పెట్టెలు పట్టుకొని నిలబడి ఉన్నాం. ఆయన గేటు నిటారుగా ఉందో లేదో చూడమని పనివాళ్లకు చెప్పాడు.

నేను వరమ్మ కోసం వెనక్కి తిరిగాను. ఆమె గట్టు దాకా రాలేదు. ట్రాక్టరును దూరం నుంచే చూసినట్టుంది. శిరీష భుజం మీద చెయ్యి వేసి, జొన్న కొయ్యకాలు చేనులో అడ్డంబడి పోతోంది. శిరీష ఒకసారి కూడా తిరిగి చూడలేదు.

ఇంటికి వచ్చాక అవ్వ, నాయన మాట్లాడుకున్నారు. సగం నీది కూడా కదా నారాయణా, నువ్వొక మాట అని ఉండొచ్చు కదా అంది అవ్వ. నాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

“అంటే ఏమైతాదిమా? నడిమధ్యన గోడ కడతాడు. దాయాదితో నేను కొట్లాడలేను. నేను మూడేళ్లు చూడనట్టు ఉన్నానా, ల్యా? వాడూ చూడనట్టే ఉండేటోడు. మీరే కాగితం తీసకపోయి చదివిచ్చినారు.”

కోపంగా అనలేదు. అలసిపోయినట్టు అన్నాడు. తర్వాత గేటు బీగంచెవిని అద్దం పక్కన మేకుకు తగిలించి ఎనుముల దగ్గరికి పోయాడు.

వారం తర్వాత అత్త ఫోను చేసింది. కాగితాలు ఇంకా పనికొస్తాయంది. ఏడో పేరు మార్చి వేరే ఇంటి వాళ్లెవరిదన్నా రాస్తే ప్రవీణ్‌తో తను మాట్లాడి చూస్తానంది. అవ్వ విని ఫోను అమ్మ చేతికి ఇచ్చేసింది. సంఘం గురించి మా ఇంట్లో ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. వద్దని ఎవరూ తీర్మానం చేయలేదు. అది అట్లా పోయింది.

అవ్వ బావికి పోవడం మానేసింది. మన ఇంటోళ్లు దిగొచ్చు కదా అని అమ్మ ఒకసారి అంటే, “నేను ఒక్కదాన్ని దిగి ఎవరితో మాట్లాడేది?” అంది.

ఊర్లో మాత్రం మాట బయటికి వచ్చింది. కౌలుదారు చెప్పాడో, గేటు బిగించినవాళ్లు చెప్పారో. టీ అంగడి దగ్గర సాలోమోనును, మీ ఇంటామె సంఘం మెంబరంట కదప్పా, కుర్చీ ఏమన్నా ఇచ్చినారా అని అడిగి నవ్వారట. రేషను బండి దగ్గర వరసలో నిలబడితే, మెంబరమ్మకు దోవ వదలండి అన్నారట. ఖాతూన్‌బీ చెప్పింది ఇవన్నీ. ఆమెను కూడా ఉపాధ్యక్షురాలా అని పిలిచేవాళ్లు, ఆమె ఎదురు తిట్టేది. వరమ్మ తిట్టలేదట. రెడ్ల వీధి గుండా రావడం మానేసి, చుట్టూ తిరిగి కూలికి పోతోందట. మా చేలో కలుపుకు కూడా రాలేదు. అమ్మ కబురు పంపితే ఒళ్లు బాగాలేదని చెప్పి పంపింది.

శిరీష నాకు కనిపించలేదు. వాళ్ల ఇంటి ఫోనుకు రెండుసార్లు చేశాను, ఎత్తలేదు.

*

జూన్ మొదటి వారంలో ఒక మధ్యాహ్నం నాయన జమ్మలమడుగు పోయాడు. అవ్వ, అమ్మ నిద్రపోతున్నారు. నేను మేకు మీద నుంచి బీగంచెవి తీసుకొని, చున్నీ కొసకు ముడివేసుకొని బయటికి వచ్చాను.

పదేళ్ల స్నేహంలో నేను శిరీష ఇంటికి పోయింది లేదు. చర్చి మలుపు దాకా పోయి పిలిచేదాన్ని, తనే వచ్చేది. ఆ రోజు మలుపు దాటాను. ఎండకు వీధిలో ఎవరూ లేరు. ఇల్లు ఏదో తెలియక, బయట తీగ మీద శిరీష బడి చున్నీ ఆరేసి ఉంటే చూసి గుర్తుపట్టాను. తలుపు సగం తెరిచి ఉంది. లోపల శిరీష నేల మీద కూర్చొని చాటలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసింది. లేవలేదు.

వరమ్మ తలుపు దగ్గరికి వచ్చింది. “ఏంది పాపా, ఈ ఎండలో?”

చున్నీ ముడి విప్పి బీగంచెవి చూపించాను. “ఇప్పుడు ఆడ ఎవరూ ఉండరు వరమ్మత్తా. నేను తెరుస్తా. శిరీషను పంపించు. నువ్వు కూడా రా,” అన్నాను.

“మీ నాయన ఇచ్చినాడా?”

నేను బీగంచెవిని మళ్లీ గుప్పిట్లో మూశాను.

“మమ్మల్ని నీళ్లలో ఎవరన్నా చూస్తే, అది ఎవరి మీదికి వస్తాది?”

నా మీదికే రానీ అని చెప్పాలనుకున్నాను. నోటి దాకా వచ్చింది. కానీ అది నిజం కాదు. నన్ను నాయన నాలుగు మాటలు అంటాడు, అమ్మ రెండు రోజులు అలుగుతుంది. నా మీదికి వచ్చేది అంతే. ఆమెకు ఆ సంగతి నాకంటే ముందే తెలుసు. మా వసారా మెట్టు మీద, నా పేరు వద్దులేమ్మా అన్నప్పుడే తెలుసు.

“నేను రాయకుండా ఉండాల్సింది,” అన్నాను.

“నువ్వేం చేసినావు పాపా. చదువుకునే పిల్లవు. రాయమంటే రాసినావు.”

లోపల శిరీష బియ్యం ఏరడం ఆపి వింటోంది. తల ఎత్తుతుందేమోనని చూశాను. వేళ్లు మళ్లీ కదిలాయి. ఒక రాయి తీసి పక్కన పెట్టింది, ఇంకొకటి తీసింది.

“ఇంకెప్పుడూ ఇట్లా రావాకు,” అంది వరమ్మ. ఆ మాట చాలా మెత్తగా అంది, నీళ్లలో నడుము కింద చెయ్యి పెట్టి భయపడొద్దు అన్నంత మెత్తగా. “ఇంటికి పో నాయనా. కాళ్లు కాలుతాయి.”

నా పాదం గడప మీద ఉంది. ఆమె దాని వైపు చూసి, నేను తీసేదాకా ఆగింది. తీశాక తలుపు మూసింది.